గోడవతలి పాటలు

మా ఊళ్లో టీవీని చూసినవాళ్ల కంటే విన్నవాళ్లే ఎక్కువ. కల్వకుర్తికి దగ్గర్లో, శ్రీశైలం పోయే రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఊరు మాది. ఎనభైల్లో ఊరు మొత్తానికి రెండే టీవీలు. ఒకటి గ్రామపంచాయతీ ఆఫీసులో, తలుపులున్న చెక్కపెట్టెలో ఉండేది. దాని తాళంచెవి పంచాయతీ లెక్కలు రాసే కారోబార్ మొలతాడుకు వేలాడేది. రెండోది పటేల్ ఇంట్లో. పంచాయతీ దగ్గర బీడీలు తాగే మగవాళ్ల గుంపు ఉంటుందని ఆడపిల్లల్ని అటు పంపేవాళ్లు కాదు. పటేలింటికి పోతే ఆ రోజు ఆయన మూడ్ ఎట్లుందో చూసుకోవాలి. లోపలికి రానివ్వని రోజు వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లం. బొమ్మ కనబడదు. మాటలు ముద్దముద్దగా వినబడతాయి. గోడ దాటి సాఫ్‌గా వచ్చేది పాట ఒక్కటే. అందుకేనేమో, ఆ సీరియళ్ల కథలు చాలావరకు మరిచిపోయాను గానీ వాటి ముందు వచ్చే పాటలు ఇప్పటికీ రాగంతో సహా నోటికి వస్తాయి.

అన్నిటికంటే ముందు దూరదర్శన్ ట్యూన్. సాయంత్రం ప్రసారాలు మొదలు కాకముందు తెర మీద చారలు, దాంతో పాటు చెవులు గింగురుమనే ఒకటే కూత. తర్వాత రెండు వంపులు గిరగిరా తిరిగి కన్ను ఆకారంలో కుదురుకునేవి, వెనకాల షెహనాయి. 1976 ఏప్రిల్ 1 నుంచి వినిపిస్తున్న ఆ ట్యూన్‌ను పండిట్ రవిశంకర్, షెహనాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి కట్టారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. మా అవ్వకు అవేం పట్టవు. అది మోగిందంటే బర్లు ఇంటికొచ్చే యాళ్ల అయినట్టే. "టీవోడు మొదలువెట్టిండు, పొయ్యి అంటియ్యుండ్రి" అనేది.

ట్యూన్ నిండుగా వస్తే ఆ పూట బొమ్మ బాగా వస్తున్నట్టు లెక్క. గరగరలతో వస్తే పటేల్ కొడుకు మిద్దె ఎక్కాల్సిందే. యాంటెన్నా ఉత్తరానికి, అంటే హైదరాబాద్ దిక్కుకు ఉండేది. గాలివానకో కోతులకో అది పక్కకు తిరిగిపోయేది. పైనుంచి "ఒచ్చిందా?" అని ఒక కేక, కిందనుంచి "ఇంకింత... ఆ, ఒచ్చింది... అరే పోయింది" అని పది కేకలు. గోడవతల ఉన్న మేం కూడా "ఒచ్చింది, ఒచ్చింది" అని అరిచేవాళ్లం. మాకేం కనబడేది కాదు, అయినా అరిచేవాళ్లం.

1987 జనవరి 25న రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు. దానికి మాత్రం మమ్మల్ని పంచాయతీ దగ్గరికి పోనిచ్చారు, ఎందుకంటే అమ్మలు, అవ్వలు అందరూ వచ్చేవాళ్లు. కారోబార్ పెట్టె తలుపులు తీయగానే ఎవరో ఒకరు టీవీకి బొట్టు పెట్టి ఊదుబత్తి ముట్టించేవాళ్లు. కొబ్బరికాయ కొట్టిన ఆదివారాలు కూడా ఉన్నాయి. హిందీ ఒక్క ముక్క రాని ముసలోళ్లు ముందు వచ్చే పాటకే చేతులు జోడించి, అది అయిపోయేదాకా దించేవాళ్లు కాదు. ఆ సీరియల్‌కు సంగీతం చేసిన రవీంద్ర జైన్ మధ్యమధ్యలో కథను నడిపే పాటలు చాలావరకు తనే పాడారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదని నేను ఇంటర్ చదివేటప్పుడు ఏదో పత్రికలో చూశాను. గోడవతల కూర్చున్న మాకు ఆ పాటలు అంత బాగా అందింది అందుకేనేమో అనిపించింది. ఎవరు నవ్వినా సరే, ఇప్పటికీ అట్లాగే అనుకుంటాను.

1988 అక్టోబర్‌లో మహాభారతం వచ్చేసరికి జనం ఇంకా పెరిగారు. మహేంద్ర కపూర్ గొంతు ఎత్తుకుంటే పంచాయతీ రేకులు అదిరేవి. పాట అయ్యాక చక్రం తిరుగుతుంటే "మై సమయ్ హూ" అని ఒక గొంతు. ఆ గొంతు హరీష్ భిమానీది. మనిషి కనిపించడు, మాట ఒక్కటే. పిల్లలకు అదంటే భయం. చెప్పిన మాట వినకపోతే "ఆ సమయమాయన ఒస్తడు సూడు" అని మా అమ్మ బెదిరించేది.

అర్థం చెప్పే బాధ్యత సైకిల్ పంక్చర్లేసే సాయెబు తాతది. ఊళ్లో హిందీ వచ్చేది ఆయనకే కదా అని ముందు వరుసలో స్టూలేసి కూర్చోబెట్టేవాళ్లు. మొదటి వారమే ఆయన చెమటలు తుడుచుకున్నాడు. "ఇది మన హిందీ గాదు బిడ్డా, అయ్యగార్ల హిందీ" అన్నాడు. అయినా కుర్చీ వదల్లేదు. భీముడు గద తీస్తే "కోపానికొచ్చిండు", ద్రౌపది ఏడిస్తే "బాధపడుతుంది" అని చెప్పేవాడు. అదంతా మాకు కనబడుతూనే ఉంది గానీ ఆయన చెప్తేనే తృప్తి. బొంబాయి నుంచి పండక్కి వచ్చిన మా చిన్నాయిన ఒకసారి టైటిళ్లలో పేర్లు చదివి, ఆ మాటలన్నీ రాసింది రాహీ మాసూమ్ రజా అని చెప్పాడు. ఆ రోజు నుంచి సాయెబు తాత స్టూలు మీద ఇంకా నిటారుగా కూర్చున్నాడు. ఆ పేరు పడే టైంకు గుంపంతా గప్‌చుప్‌గా ఉండాలి. ఎవరన్నా మాట్లాడితే కొట్టినంత పని చేసేవాడు.

పాటలతో సంబంధం లేకపోయినా ఒకటి చెప్పాలి. మా కల్వకుర్తి పేరు దేశమంతా టీవీలో విన్నది 1989 ఎన్నికలప్పుడు. ఎన్టీఆర్ హిందూపురంతో పాటు మా కల్వకుర్తిలో కూడా నిలబడ్డారు. హిందూపురంలో గెలిచి ఇక్కడ చిత్తరంజన్‌దాస్ చేతిలో ఓడిపోయారు. లెక్కింపు నడుస్తున్నన్నాళ్లూ దూరదర్శన్‌లో ఫలితాలు కాసేపు, మధ్యలో సినిమాలు కాసేపు. పంచాయతీ ముందు రాత్రంతా మంటలేసుకుని కూర్చున్నారు. వార్తల మ్యూజిక్ రాగానే సినిమా చూస్తున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు, నిద్రపోతున్నవాళ్లను తన్ని లేపేవాళ్లు. వార్తల మ్యూజిక్‌కు అంత ఉత్కంఠ ఉంటుందని మా ఊరికి అప్పుడే తెలిసింది. ఊరు రెండు ముక్కలై కొన్నాళ్లు మాట్లాడుకోలేదు కూడా, అది వేరే కథ.

మాల్గుడి డేస్ పాటలో మాటలు ఉండవు, 'తానా నా తానా' అంతే. అందుకే దాన్ని అందరికంటే ముందు మేం నేర్చుకున్నాం. బావి దగ్గర బిందె నింపుకుంటూ ఒకరు ఎత్తుకుంటే రెండో వాళ్లు అందుకునేవాళ్లు. శంకర్ నాగ్ తీసిన ఆ సీరియల్‌కు సంగీతం ఎల్. వైద్యనాథన్. తర్వాత కొన్నేళ్లకు సురభి ప్రోగ్రాం వచ్చింది, దాని ట్యూన్ ఆయన తమ్ముడు, వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రమణ్యం చేశారు. ఒకే ఇంటి అన్నదమ్ములు దేశం మొత్తం ఈలవేసే ట్యూన్లు రెండు చేశారు. 1988 ఆగస్టు 15న మొదటిసారి వచ్చిన 'మిలే సుర్' సంగతి అందరికీ తెలిసిందే, దేశంలోని భాషలు కలిపి కట్టిన సమైక్యత పాట. మాకు మాత్రం అందులో ఒక చిన్న ఫిర్యాదు ఉండేది. బాలమురళీకృష్ణ మనాయనే కదా, సముద్రం ఒడ్డున కూర్చుని తెలుగులో పాడతాడు అనుకుంటే తమిళంలో పాడాడు! తెలుగు ముక్క తర్వాత ఎప్పుడో వచ్చి చటుక్కున పోయేది. దానికోసం మొత్తం పాట విని, అది వచ్చే సమయానికి ఎవరో తుమ్మడమో కరెంటు పోవడమో.

కరెంటు గురించి చెప్పకపోతే అన్యాయం. సరిగ్గా పాట మొదలైన తర్వాత పోయేది. పాట మధ్యలో తెగిపోతే మిగతాది మేమే పూర్తి చేసేవాళ్లం. అట్లా చీకట్లో కూర్చుని పాడటం వల్లనే చాలా పాటలు నోటికొచ్చాయని నా నమ్మకం. 1993లో జంగిల్ బుక్ వచ్చింది. గుల్జార్ రాసి విశాల్ భరద్వాజ్ ట్యూన్ చేసిన ఆ 'చడ్డీ పెహెన్ కే ఫూల్ ఖిలా హై' పాటను మా ఊరి పిల్లలు పాడినట్టు గుల్జార్ వింటే ఏమనేవాడో గానీ, మాకు తోచిన మాటలు వేసుకుని బ్రహ్మాండంగా పాడేవాళ్లం. నేనప్పటికి పెద్దపిల్లనే. అయినా పాడాను.

మా చిన్నాయిన బొంబాయిలో సెంట్రింగ్ పనికి పోయేవాడు. పాలమూరు లేబర్ అంటే బొంబాయి, పూణేలో అప్పటికే పేరు. గుంపు మేస్త్రీ దసరా అయినంక తీసుకుపోతే మళ్లీ ఉగాదికో పెద్ద పండక్కో రావడం. అందరిలాగే గడియారం, టెర్లిన్ బట్టలు తెస్తాడనుకుంటే ఒక ఏడు టేప్‌రికార్డర్ తెచ్చాడు. మా ఇంటికి సెకండ్‌హ్యాండ్ బ్లాక్ అండ్ వైట్ టీవీ వచ్చింది కూడా ఆ తర్వాతే. ఆ రెండూ ఒకే అర్రలో చేరేసరికి నాకు కొత్త ఉద్యోగం దొరికింది.

సినిమా పాటలైతే కల్వకుర్తిలో క్యాసెట్లు దొరికేవి. సీరియల్ పాటలు దొరికేవి కాదు. షాపతన్ని అడిగితే "గవ్వి కూడా క్యాసెట్లొస్తయా చెల్లె" అని నవ్వాడు. మరి ఎట్లా? టీవీ స్పీకర్‌కు టేప్‌రికార్డర్ ఆనించి పెట్టి, పాట మొదలయ్యే క్షణానికి ఎర్ర బటన్, ప్లే బటన్ రెండూ ఒకేసారి నొక్కాలి. ఒక్క సెకను ముందు నొక్కితే నిర్మా యాడ్ పడుతుంది, తర్వాత నొక్కితే పల్లవి పోతుంది. అట్లా నేను పట్టుకున్న పాటల్లో అన్నిటికంటే గొప్పది ఋతురాగాలు. మంజులా నాయుడు డైరెక్ట్ చేసిన సీరియల్. 'వాసంత సమీరంలా' అని ఎత్తుకునేది. ఒక్కో ఋతువును ఒక్కో పోలికతో చెప్పుకుంటూ పోయే ఆ పాట వినేటప్పుడు బయట మా ఊళ్లో ఒకటే ఋతువు. ఎండ. బీడు భూములు, ఎండిన కుంట. అయినా వాసంత సమీరం అనగానే నిజంగానే చల్లగాలి తగిలినట్టు ఉండేది. ఇంటర్ చదివే ఆడపిల్లలకు ఆ పాట ఏం చేసిందో ఆ వయసువాళ్లకే తెలుస్తుంది, రాయడం కుదరదు.

క్యాసెట్‌లో ఆ పాటతో పాటు మా ఇల్లంతా పడింది. అవ్వ దగ్గు, కోడి కూత, రెండో చరణం నడుస్తుండగా మా నాయిన వచ్చి "మోటరు బంద్ చేసిండ్రా లేదా?" అని అడగడం, నేను "ష్ష్" అనడం, ఆయన "నాకే ష్ష్ అంటవా" అనడం. స్నేహితురాళ్లు ఆ క్యాసెట్ అడిగి తీసుకుపోయి కాపీ చేసుకున్నారు. కల్వకుర్తిలో ఎవరి ఇంట్లోనో ఋతురాగాలు వింటుంటే మధ్యలో మా నాయిన మోటరు గురించి అడిగేవాడు. ఆ పిల్లలు పాట పాడేటప్పుడు కూడా ఆ జాగాలో ఆగి, ఆ మాట గొంతు మార్చి అని, తర్వాత చరణం అందుకునేవాళ్లు.

1995లో జెమిని, ఈటీవీ రెండూ వచ్చాయి. మా ఊరికి కేబుల్ రావడానికి ఇంకా టైం పట్టింది. నేను డిగ్రీకి మహబూబ్‌నగర్ పోయి హాస్టల్లో ఉన్నప్పుడే వాటిని సరిగ్గా చూశాను. అంతరంగాలు పాట మొదలైతే హాస్టల్ మెట్ల మీద చెప్పుల చప్పుడు వరదలా వచ్చేది. అందులో చదరంగాలు, సాగరాలు లాంటి పెద్ద పెద్ద మాటలు ఉండేవి. సైన్స్ చదివేవాళ్లం కూడా బట్టీ కొట్టాం. ఇంకొక వైపు, 1996లో ఈటీవీలో బాలు గారి పాడుతా తీయగా. ఆ పేరు 1964 నాటి మూగమనసులు సినిమా పాట పల్లవి. ఆత్రేయ రాసింది, ఘంటసాల పాడింది. మా నాయినకు ఆ పాట ప్రాణం. ప్రోగ్రాం పేరు అదేనని తెలిసి సెలవులకు ఇంటికి పోయినప్పుడు "బాలు గూడ మన ఘంటసాలనే తలుసుకుంటుండా" అని మురిసిపోయాడు. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటి వాళ్లు ఆ వేదిక మీద నుంచే సినిమాల్లోకి పోయారు. పాడిన పిల్లల కంటే, వాళ్లు పొరపాటు చేసిన చోట బాలు గారు నొచ్చుకోకుండా ఎట్లా సరిదిద్దుతారో చూడటానికే మా వార్డెన్ కూర్చునేది. ఆమె మమ్మల్ని సరిదిద్దే పద్ధతి మాత్రం మారలేదు.

పెళ్లయ్యాక ఇల్లు మహబూబ్‌నగర్‌లోనే. 2001 నవంబర్‌లో అమృతం మొదలైంది. గుణ్ణం గంగరాజు నిర్మాణం, సిరివెన్నెల రాసిన పాట, కల్యాణి మాలిక్ సంగీతం. నన్నడిగితే తెలుగు టీవీ పాటల్లో ఋతురాగాలు ఒక చివర ఉంటే అమృతం రెండో చివర. అది పైకి తీసుకుపోతుంది, ఇది నేల మీద కూర్చోబెట్టి నవ్విస్తుంది. అద్దె, కరెంటు బిల్లు, దోమలు, అన్నీ పాటలో ఉన్నాయి. సిరివెన్నెల అంతటి కవి దోమల గురించి రాశాడంటే మా ఆయన మొదట నమ్మలేదు. జీతం ఆలస్యమైన నెలల్లో మా ఇద్దరికీ అది జాతీయగీతం. "అయ్యోలు హమ్మోలు" అని ఆయన మొదలుపెడితే "ఇంతేనా బతుకు" అని నేను అందుకునేదాన్ని, ఆ పూట గొడవ అక్కడితో సరి. ఆరేళ్లపాటు నడిచిన సీరియల్‌లో అమృతరావు వేషం వేసినవాళ్లు మారారు. శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. అంజిగా గుండు హనుమంతరావు మాత్రం మారలేదు, పాటా మారలేదు.

చక్రవాకం, మొగలిరేకులు కాలం మా అత్తమ్మది. మళ్లీ మంజులా నాయుడే. మొగలిరేకులు పాట వినబడితే పెళ్లిలో భోజనానికి కూర్చున్నవాళ్లు కూడా చేయి కడుక్కునే టైం చూసుకునేవాళ్లు. ఆ తర్వాత వచ్చిన సీరియళ్ల పాటలు నాకు ఒక్కటీ గుర్తులేవు. వయసు వల్ల కాదు. పాటలు బాగాలేక.

ఇన్నేళ్లూ పాటలు అటునుంచి ఇటు వచ్చాయి. బొంబాయి నుంచో మద్రాసు నుంచో హైదరాబాద్ నుంచో వస్తే మేం పట్టుకున్నాం. మొదటిసారి మా పాటలు అటు పోయాయనిపించింది మాటీవీలో రేలా రే రేలా వచ్చినప్పుడు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో పిల్లలు వచ్చి నాటు వేసేటప్పటి పాటలు, బోనాల పాటలు, జానపదాలు అట్లాగే పాడారు. మా నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారం మనిషి గోరటి వెంకన్న ఆ వేదిక మీద కూర్చుని తల ఊపుతుంటే మా అమ్మ టీవీకి ఇంకా దగ్గరగా జరిగి కూర్చుంది. "ఈ పాట మేం పాడేది" అని ప్రతి పాటకూ అనేది. కొన్నిటికి నిజమే, కొన్నిటికి కాదు. కానీ ఆమెను ఆపేదెవరు?

తర్వాత బతుకమ్మ పాటల రోజులు. 2014లో రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి న్యూస్ చానెళ్లు ఏటా కొత్త బతుకమ్మ పాట తీయడం ఒక ఆనవాయితీ అయింది. వీ6 పాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవాళ్లు తయారయ్యారు. అదే చానెల్లో మాటకారిగా కనిపించిన మంగ్లి అనంతపురం దిక్కు తండా పిల్ల. ఆ పిల్ల గొంతు తెలంగాణ పండుగల్లో ఇంతగా వినబడుతుందని ఎవరనుకున్నారు! నాకు ఆ పాటలు నచ్చుతాయి. డ్రోన్ కెమెరాలు, ఒకే రంగు పట్టుచీరలు, అందరి తలల్లో కొత్త పూలు కొంచెం ఎక్కువైనా, పాట దగ్గర మోసం లేదు.

మా అమ్మ ఒప్పుకోదు. కొన్నేళ్ల కింద ఒక పాట విని ఆమె అన్నం ముద్ద కంచంలోనే పెట్టేసింది. మా ఊరి ఆడవాళ్లు పాడుకునే పాటను పోలిన పాటే అది. కానీ అందులో బొంబాయి పోయిన అన్న కోసం చెల్లె ఎదురుచూసే చరణం లేదు, దాని బదులు గునుగు పూలు, తంగేడు పూల మీద ఇంకో చరణం ఉంది.

"బొంబాయి చరణం యాడవోయింది?" అంది.

"వాళ్ల పాట వాళ్లు రాసుకున్నరమ్మా."

"ఫోన్ చేసి అడుగు."

"ఎవరికి చేయాలె?"

"టీవోళ్లకు."

చేయలేదు. ఇప్పుడు ఊళ్లో బతుకమ్మ ఆడేటప్పుడు సౌండ్ బాక్సులు పెడతారు, వాటిలో ఆ టీవీ పాటే వస్తుంది. ఆడపిల్లలంతా దానికి తగ్గట్టు అడుగులేస్తారు. పాటలో మాటలు ఆగి ఒట్టి మ్యూజిక్ వచ్చే దగ్గర మా అమ్మ, ఆమె ఈడు వాళ్లు కలిసి బొంబాయి చరణం దూరుస్తారు. మొదట్లో కోడళ్లు నవ్వారు. తర్వాత అలవాటైంది. మ్యూజిక్ చాలదు, చరణం మాత్రం పెద్దది. పోయిన బతుకమ్మకు బాక్సుల దగ్గర కూర్చున్న పిల్లగాడు పాట ఆపి, "పెద్దమ్మా, నీ చరణం అయినంక చెప్పు, నెక్స్ట్ పాట పెడత" అన్నాడు.

ఇంకా రెండు చరణాలు ఉన్నాయని చెప్పింది మా అమ్మ.